పరుగు ఆగితే తప్పెవరిది?

మన సంఘం ఈ-సంచికకు ఆటల చరిత్ర మీద ఒక వ్యాసం కావాలని పెద్దలు అడిగారు. పతకాల పట్టిక రాసి ఇవ్వడం తేలికే. కానీ స్టేషన్ ఘన్‌పూర్ చుట్టుపక్కల తండాల పిల్లలతో ఏళ్ల తరబడి హాస్టళ్లలో ఉంటున్న మాకు, ఆ పట్టికలో కనిపించని సంగతి ఒకటి రాయాలనిపించింది. మన పిల్లలు కొందరు క్రీడా పాఠశాలలకు, అకాడమీలకు సెలక్టయి పోతుంటారు. బస్సు ఎక్కించే రోజు తండా అంతా కదిలి వస్తుంది. రెండు మూడేళ్లకు వాళ్లలో కొందరు ట్రంకు పెట్టెతో తిరిగి వస్తారు. ఆ రోజు ఎదురు వచ్చేవాళ్లు ఉండరు. "కష్టం చూసి పారిపోయి వచ్చింది" అనే మాట మాత్రం వస్తుంది. పిల్లను కూర్చోబెట్టి అడిగితే చెప్పేది ఒక్కటే: "ఇగ నాతోని కాదు మేడం."

ఆ మాట వినగానే చాలామంది పిల్లనే తప్పుబడతారు. ఓపిక లేదంటారు, పట్టుదల లేదంటారు. ఆటల చరిత్ర తిరగేస్తే వేరే సంగతి తెలుస్తుంది. ప్రపంచంలో మొదటి ర్యాంకులో ఉన్నవాళ్లు, ఒలింపిక్ స్వర్ణం గెలిచినవాళ్లు కూడా ఇదే మాట అన్నారు. వాళ్లకు ఓపిక లేదని ఎవరనగలరు? కాబట్టి పిల్లతో పాటు పిల్లను ఉంచుకున్న చోటును కూడా చూడాలి. అక్కడ ఎవరి మాట చెల్లుతుంది, గాయమైతే ఏం చేస్తారు, ఓడితే ఎట్లా చూస్తారు అన్నదాన్ని బట్టే ఆట నిలుస్తుంది, లేదా ఆరిపోతుంది.

ఆ అలసటకు పేరెట్లా వచ్చింది?

1974లో న్యూయార్క్‌లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వ నిపుణుడు ఉచిత వైద్యశాలల్లో పనిచేసేవాళ్ల గురించి ఒక వ్యాసం రాశాడు. సేవ చేయాలని ఎంతో ఉత్సాహంతో వచ్చినవాళ్లే కొన్నాళ్లకు లోపల వట్టిపోయినట్టు అవుతున్నారని గమనించి, ఆ స్థితిని 'బర్నౌట్' అన్నాడు. దీపంలో నూనె అయిపోయాక వత్తి కాలిపోవడం వంటిది అనుకోండి. 1981లో క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ దాన్ని కొలిచే ప్రశ్నావళి తయారు చేశారు. 2001లో థామస్ రేడెక్, అలన్ స్మిత్ ఆటగాళ్ల కోసం ప్రత్యేకంగా మరో ప్రశ్నావళి తెచ్చారు.

వాళ్లు చెప్పిన గుర్తులు మూడు. ఒకటి, ఒళ్లూ మనసూ రెండూ అలసిపోవడం. రెండు, ఎంత చేసినా నేనేమీ సాధించడం లేదన్న భావన. మూడు, ఒకప్పుడు ప్రాణంగా ఉన్న ఆట మీదే మనసు చచ్చిపోవడం. మామూలు అలసట రెండు రోజులు నిద్రపోతే తీరుతుంది. ఇది దసరా సెలవులు మొత్తం ఇంటి దగ్గర ఉన్నా తీరదు. సెలవులు అయిపోతున్నాయంటేనే కడుపులో తిప్పడం మొదలవుతుంది.

1992లో జే కోక్లీ అనే సామాజిక శాస్త్రవేత్త ఒక పెద్ద ప్రశ్న వేశాడు. ఆట మధ్యలో వదిలేసిన కిశోర వయసు మేటి క్రీడాకారులతో మాట్లాడి, ఇది వ్యక్తి వైఫల్యమా లేక సమాజం తెచ్చిపెట్టిన సమస్యా అని అడిగాడు. ఆ పిల్లల జీవితాల్లో అతనికి రెండు విషయాలు కనిపించాయి. తమ జీవితం మీద తమకు ఏ అధికారమూ లేదు. ఆట తప్ప తమకు వేరే గుర్తింపు లేదు. పిల్లకు ఒత్తిడి తట్టుకోవడం నేర్పితే సరిపోదని, ఆటను నడిపే పద్ధతే మారాలని ఆయన వాదన. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా బర్నౌట్‌ను రోగమని అనలేదు. పనిచేసే చోట ఎడతెగని ఒత్తిడిని సరిదిద్దకపోవడం వల్ల వచ్చే స్థితిగా తన వర్గీకరణలో రాసింది.

పేరు 1974లో వచ్చింది గానీ సంగతి అంతకంటే పాతది. అది మన ఆదివాసీ, గిరిజన క్రీడాకారుల చరిత్రలోనే కనిపిస్తుంది.

జైపాల్ సింగ్ ముండా ముందున్న షరతు

ఖూంటీ ప్రాంతంలోని టక్రా గ్రామంలో 1903లో పుట్టిన ముండా బిడ్డ జైపాల్ సింగ్. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, అక్కడ హాకీలో పేరు తెచ్చుకుని, ఐసీఎస్‌కు ఎంపికయ్యాడు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కు వెళ్లే భారత జట్టుకు కెప్టెన్‌గా ఉండమని కబురు వచ్చింది. ఐసీఎస్ శిక్షణలో ఉన్నాడు కాబట్టి సెలవు అడిగాడు. ఇవ్వలేదు. అయినా వెళ్లాడు. ఆ ఒలింపిక్స్‌లో భారత్ 29 గోల్స్ కొట్టి, ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా స్వర్ణం గెలిచింది. అయితే మే 26న నెదర్లాండ్స్‌తో జరిగిన ఫైనల్లో కెప్టెన్ జైపాల్ సింగ్ లేడు. జట్టు నిర్వహణలో వచ్చిన విభేదాలతో అంతకు ముందే తప్పుకున్నాడు. తిరిగి వచ్చాక ఐసీఎస్ వాళ్లు శిక్షణ ఇంకో ఏడాది చేయాలన్నారు. ఆయన ఆ ఉద్యోగమే వదిలేశాడు.

ఒక సంస్థ ఆటను నేరంలా చూసింది. ఇంకో సంస్థ కెప్టెన్‌నే నిలుపుకోలేకపోయింది. అయినా జైపాల్ సింగ్ కుంగిపోలేదు. చదువు ఉంది, మాట ఉంది, వెనుక తన జనం ఉన్నారు. తర్వాత ఆయనే ఆదివాసీ మహాసభకు నాయకుడై, రాజ్యాంగ సభలో మనందరి తరఫున గొంతెత్తాడు. ఆట ఒక్కటే ఆయన గుర్తింపు అయి ఉంటే ఆమ్‌స్టర్‌డామ్‌తోనే కథ ముగిసేది.

ఒక హాస్టల్, ఒక వీరుడు

హాస్టల్లో పనిచేసే మాకు బాగా గుర్తుండే కథ అమెరికాలోని కార్లైల్ ఇండియన్ పాఠశాలది. 1879లో పెన్సిల్వేనియాలో, పాత సైనిక బారకాసుల్లో దాన్ని పెట్టారు. అక్కడి ఆదిమ తెగల పిల్లలను తెచ్చి జుట్టు కత్తిరించి, తల్లి భాష మాట్లాడవద్దని కట్టడి చేశారు. ఆ పాఠశాల ఫుట్‌బాల్ జట్టు దేశమంతా పేరు తెచ్చుకుంది. టికెట్ల డబ్బు బాగా వచ్చింది. సాక్ అండ్ ఫాక్స్ తెగకు చెందిన జిమ్ థోర్ప్ ఆ పాఠశాల విద్యార్థే. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో పెంటథ్లాన్, డెకథ్లాన్ రెండింటిలోనూ స్వర్ణం గెలిచాడు.

మరుసటి ఏడాదే ఆ పతకాలు లాక్కున్నారు. 1909, 1910 వేసవుల్లో చిన్న బేస్‌బాల్ జట్లకు కొద్దిపాటి డబ్బుకు ఆడాడని, కాబట్టి ఔత్సాహికుడు కాడని తీర్పు చెప్పారు. ఆ సంగతి కోచ్‌కు ముందే తెలిసి ఉంటుందని చాలామంది చరిత్రకారులు అంటారు. నింద మాత్రం కుర్రవాడి మీదే పడింది. 1914లో అమెరికా కాంగ్రెస్ సభ్యుల సంఘం కార్లైల్ మీద విచారణ జరిపింది. 200కు పైగా విద్యార్థులు సంతకాలు చేసి విచారణ కోరారు. ఆటగాళ్లే ముందుకు వచ్చి కోచ్ నోటి దురుసు గురించి, ఫుట్‌బాల్ డబ్బు లెక్కల గురించి సాక్ష్యం చెప్పారు. 1918లో ఆ పాఠశాల మూతబడింది. థోర్ప్ 1953లో చనిపోయాడు. ఆయన పేరును విజేతల్లో తిరిగి చేర్చింది 1982లో. ఏకైక విజేత ఆయనే అని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ఒప్పుకున్నది 2022లో. 1913లో జరిగిన అన్యాయం పూర్తిగా సరికావడానికి 109 ఏళ్లు పట్టింది.

ఈ కథలో మన యువత గమనించాల్సింది ఆ సంతకాలు. తిండి, పడక, చదువు అన్నీ ఆ పాఠశాల చేతిలోనే ఉన్న పిల్లలు, ఇక్కడి తీరు బాగాలేదని చెప్పే ధైర్యం చేశారు.

ఆగిపోవడం, తిరిగి రావడం

ఆస్ట్రేలియా ఆదిమవాసుల బిడ్డ క్యాథీ ఫ్రీమన్ 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 400 మీటర్లను 49.11 సెకన్లలో పరుగెత్తి స్వర్ణం గెలిచింది. ఆ ఒక్క పరుగు మీద దేశం మొత్తం ఆశలు, తన జాతి గౌరవం రెండూ పెట్టారు. ఆ తర్వాత విరామం తీసుకుంది. తిరిగి వచ్చినా పరుగు మీద పాత ఆకలి లేదు. 2003లో, 30 ఏళ్లకే పరుగు ఆపేసింది.

న్గారిగో తెగ మూలాలున్న ఆష్లే బార్టీ కథ ఇంకోలా నడిచింది. చిన్న వయసులోనే ప్రపంచ టెన్నిస్‌లోకి వెళ్లి, ఇంటికి దూరంగా ఉండి ఉండి, 2014లో 18 ఏళ్లకు టెన్నిస్ వదిలేసింది. ఊరికి వచ్చి క్రికెట్ ఆడింది. బ్రిస్బేన్ హీట్ జట్టులో ఒక సీజన్ ఆడింది కూడా. పక్కన పదిమంది ఉండే జట్టు ఆట ఆమెకు ఊపిరి పోసింది. 2016లో తనంతట తానే టెన్నిస్‌కు తిరిగి వచ్చింది. 2019లో ఫ్రెంచ్ ఓపెన్, 2021లో వింబుల్డన్, 2022 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచింది. అదే ఏడాది మార్చిలో, మొదటి ర్యాంకులో ఉండగానే, 25 ఏళ్లకు ఇక చాలని చెప్పి తప్పుకుంది. రెండుసార్లూ నిర్ణయం తనదే. మొదటిసారి వెళ్లినప్పుడు ఎవరూ తలుపు మూయలేదు కాబట్టే రెండోసారి వచ్చి చరిత్ర రాసింది.

2021 టోక్యోలో అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ జట్టు ఫైనల్ మధ్యలో తప్పుకున్నప్పుడు చాలామంది వేలెత్తి చూపారు. ఆ సెప్టెంబరులో ఆమె అమెరికా సెనేట్ ముందు కూర్చుని, ఆటగత్తెలను కాపాడాల్సిన సంస్థలే జట్టు వైద్యుడి అత్యాచారాలకు దారి ఇచ్చాయని చెప్పింది. 2024 పారిస్‌లో తిరిగి వచ్చి మూడు స్వర్ణాలు గెలిచింది. విశ్రాంతి తీసుకున్నవాళ్లు ఆటకు పనికిరారన్న మాట అబద్ధమని ఈ ఇద్దరూ చూపించారు.

మన హైదరాబాద్‌లో

పుల్లెల గోపీచంద్ 1994లో మోకాలి గాయంతో పడిపోయి, శస్త్రచికిత్సలు చేయించుకుని, 2001లో ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచాడు. 2008లో గచ్చిబౌలిలో అకాడమీ మొదలుపెట్టాడు. 2012 లండన్‌లో సైనా నెహ్వాల్ కాంస్యం, 2016 రియోలో పీవీ సింధు రజతం గెలిచారు. రియోకు ముందు మూడు నెలలు సింధు దగ్గర ఫోన్ లేదని, ఇక తిరిగి ఇస్తానని, ఐస్‌క్రీమ్ కూడా తినవచ్చని కోచ్ చెప్పినప్పుడు దేశం మురిసిపోయింది. చాలా చోట్ల పెద్దలు ఆ కథనే ఉదాహరణగా చెప్పి పిల్లల ఫోన్లు లాక్కుంటారు. ఆ కట్టడికి ఒక గడువు ఉందన్నది మరిచిపోతారు. సింధుకు అప్పుడు 21 ఏళ్లు. ఎందుకో తెలుసు, ఎప్పుడు ముగుస్తుందో తెలుసు, తల్లిదండ్రులు వెంటే ఉన్నారు. గడువు లేని, కారణం చెప్పని కట్టడి వేరు. పదేళ్ల పిల్ల ఇంటికి ఫోన్ చేసుకోకుండా నెలల తరబడి ఉండటాన్ని క్రమశిక్షణ అనలేం.

సైనా 2014లో గోపీచంద్ దగ్గర నుంచి బెంగళూరులో విమల్ కుమార్ దగ్గరికి మారింది. 2015లో ప్రపంచ మొదటి ర్యాంకు అందుకుంది. 2017లో మళ్లీ గోపీచంద్ దగ్గరికే వచ్చింది. గురువును మార్చుకోవడం, తిరిగి రావడం రెండూ సాధ్యమే అని ఆమె చూపింది. మన తండా పిల్లకు ఆ వీలు ఉందా? అకాడమీ వదిలితే చదువు, తిండి, పడక అన్నీ ఒకేసారి పోతాయి. అందుకే నొప్పి ఉన్నా చెప్పదు. మోకాలికి గుడ్డ చుట్టుకుని పరుగెత్తుతుంది.

2020 నవంబరు 2న సింధు, తాను రిటైర్ అవుతున్నట్టు ఒక ప్రకటన పెట్టింది. చదివినవాళ్లు ఉలిక్కిపడ్డారు. పూర్తిగా చదివితే ఆమె వదిలేస్తానన్నది ఆటను కాదు, కరోనా కాలంలోని భయాన్ని, అనిశ్చితిని, నిరాశను. ఆ మరుసటి ఏడాది టోక్యోలో కాంస్యం గెలిచింది. అంత పెద్ద క్రీడాకారిణి లోపలి బరువు గురించి బాహాటంగా మాట్లాడితే, హాస్టల్ పిల్ల మాట్లాడటం తప్పెట్లా అవుతుంది? 2025 ఫిబ్రవరిలో గోపీచంద్ ఇంకో చేదు నిజం చెప్పాడు. డబ్బున్న కుటుంబమో, కుటుంబ వ్యాపారమో లేకపోతే పిల్లలను ఆటనే వృత్తిగా పెట్టుకోమని పంపవద్దని తల్లిదండ్రులకు సలహా ఇస్తున్నానన్నాడు. చాలామందికి కోపం వచ్చింది. ఆట ఆగిపోయాక మన పిల్లలను పట్టుకునే చెయ్యి ఏదీ అన్నదే ఆ మాట అర్థమని మేము అనుకుంటాం. స్పోర్ట్స్ కోటా ఉద్యోగం మీదే ఇల్లంతా ఆశ పెట్టుకున్నప్పుడు పిల్ల భుజం మీద ఎంత బరువు పడుతుందో ఆలోచించండి.

కల్లెడ నుంచి పారిస్ దాకా

మన పాత వరంగల్ జిల్లాలోనే, పర్వతగిరి మండలం కల్లెడలో 2003లో పుట్టింది జీవాంజి దీప్తి. మేధోపరమైన వైకల్యం ఉన్న ఆ పిల్లను ఊళ్లో ఎగతాళి చేసేవాళ్లని తల్లిదండ్రులే చెప్పుకున్నారు. ఆమె పరుగును మొదట గుర్తించింది ఊళ్లోని పాఠశాల పీఈటీ. తర్వాత కోచ్ నాగపురి రమేశ్ హైదరాబాద్‌కు పిలిపించి శిక్షణ ఇచ్చాడు. 2023 హాంగ్‌జౌ ఆసియా పారా క్రీడల్లో 400 మీటర్లలో స్వర్ణం. 2024 మేలో జపాన్‌లోని కోబెలో 55.07 సెకన్ల ప్రపంచ రికార్డు. సెప్టెంబరు 3న పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో కాంస్యం.

ఇక్కడ లెక్క ఒకటి చూడండి. కోబె సమయం పారిస్‌లో వచ్చి ఉంటే అది స్వర్ణం. తేడా ముప్పావు సెకను. మంచి చోటు ఉంటే ఆ ముప్పావు సెకనును మనిషి ఒంట్లో సహజంగా వచ్చే తేడాగా చూస్తుంది. చెడ్డ చోటు దాన్ని నేరంగా చూస్తుంది. దీప్తి కాంస్యంతో వచ్చినప్పుడు తెలంగాణ ఊరేగింపుతో స్వాగతం చెప్పింది. కోటి రూపాయలు, గ్రూప్-2 ఉద్యోగం, వరంగల్‌లో ఇంటి స్థలం ప్రభుత్వం ప్రకటించింది. కోచ్‌కు కూడా 10 లక్షలు ప్రకటించింది. ఒక పీఈటీ, ఒక కోచ్, ఒక ఇల్లు, ఒక ప్రభుత్వం కలిసి నిలబడ్డాయి. ఆటకు కావాల్సిన చోటు అంటే అదే.

నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామపు లంబాడా బిడ్డ మాలావత్ పూర్ణ 2014 మే 25న 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. ఖమ్మం జిల్లా కుర్రవాడు ఆనంద్ కుమార్ తోడున్నాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులే. శిఖరం దిగాక పూర్ణ మళ్లీ తరగతి గదికి వెళ్లింది. డిగ్రీ చదివింది, అమెరికాలో ఒక ఏడాది చదువుకుంది. ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలన్నీ పూర్తిచేసింది 2022 జూన్‌లో. అంటే ఎనిమిదేళ్లు. ఆ ఎనిమిదేళ్లలో కొండ ఒక్కటే ఆమె జీవితం కాలేదు.

పోయే ముందు అడగాల్సినవి

మన పిల్లలు కొందరు నాలుగో తరగతిలోనే క్రీడా పాఠశాల సెలక్షన్లకు వెళ్తారు. ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్ల ఏమీ అడగలేదు. అడగాల్సింది యాడి, బాపు, అన్న, అక్క. అందుకే ఇది చదువుతున్న యువతకు చెబుతున్నాం. తండా నుంచి పిల్లను పంపే ముందు మీరు వెంట వెళ్లండి, ఇవి అడగండి.

గాయమైతే ఎవరు చూస్తారు, ఆడవద్దని చెప్పే అధికారం డాక్టరుకు ఉందా? వారానికి ఒక రోజైనా పూర్తి విశ్రాంతి ఉందా? ఒళ్లు బలపడేది సాధన చేసేటప్పుడు కాదు, సాధన తర్వాత విశ్రాంతిలో. పిల్ల ఇంటికి ఎప్పుడు ఫోన్ చేసుకోవచ్చు? ఆటతో సమానంగా చదువు నడుస్తోందా, టోర్నమెంట్‌కు పోయిన రోజుల పాఠాలు ఎవరు చెబుతారు? ఆడపిల్లలకు మహిళా కోచ్‌గానీ వార్డెన్‌గానీ ఉన్నారా? కోచ్ మీద ఫిర్యాదు ఉంటే ఆ కోచ్‌కు సంబంధం లేని మనిషికి చెప్పుకునే దారి ఉందా? చివరగా, మధ్యలో ఆపేస్తే టీసీ ఇచ్చి గౌరవంగా పంపుతారా? ఈ ప్రశ్నలకు విసుక్కునే చోటు పిల్లతో ఎట్లా ఉంటుందో అప్పుడే తెలిసిపోతుంది. కోచ్ జీతం, సంస్థకు వచ్చే నిధులు పతకాల లెక్క మీదే ఆధారపడి ఉంటే, పై నుంచి వచ్చిన ఒత్తిడి మెట్టు మెట్టు దిగి చివరికి పిల్ల నెత్తి మీద పడుతుంది.

పిల్ల తిరిగి వస్తే మొదట ఒళ్లు చూపించండి. మన ఆడపిల్లల్లో రక్తహీనత ఎక్కువ. గిరిజన, ఆదివాసీ సమూహాల్లో సికిల్ సెల్ సమస్య ఉంది. 2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద దానికి పరీక్షలు చేస్తున్నారు. రక్తం తక్కువై పరుగెత్తలేకపోతే దాన్ని సోమరితనం అనడం అన్యాయం. నెలసరి ఆగిపోయిందా, నిద్ర పడుతోందా అని ఇంట్లో ఆడవాళ్లు మెల్లగా అడగాలి. ఒళ్లు బాగానే ఉండి ఆట పేరెత్తితేనే ముఖం మాడిపోతుంటే, వెంటనే మళ్లీ పంపకండి. మామూలు బడిలో చేర్పించండి. సాయంత్రం తండా పిల్లలతో కబడ్డీ, ఖో-ఖో ఆడుకోనివ్వండి. టైము చూసేవాళ్లు, విజిల్ ఊదేవాళ్లు లేని ఆట అది. మళ్లీ మైదానానికి పోవాలా వద్దా అన్నది తనే చెప్పాలి.

గుగులోత్ సౌమ్య నిజామాబాద్ జిల్లా తండా నుంచి వెళ్లి భారత మహిళల ఫుట్‌బాల్ జట్టుకు ఆడుతోంది. మన పిల్లల్లో సత్తా ఉందా లేదా అన్న చర్చ ఇక అక్కర్లేదు. ఆ సత్తాను పదేళ్లు, పదిహేనేళ్లు ఆరిపోకుండా నిలబెట్టే చోట్లు కావాలి. రేపు మీలో కొందరు పీఈటీలు అవుతారు, కోచ్‌లు అవుతారు, వార్డెన్లు అవుతారు, సంఘం పెద్దలు అవుతారు. అప్పుడు పిల్ల "నాతోని కాదు" అంటే, ముందు కూర్చోబెట్టి అన్నం పెట్టి, ఏమైందో చెప్పమని అడగండి. చెప్పినంతసేపూ వినండి.